ధర్మపురి తెరిచిన పద్దు

ధర్మపురి అనగానే మనకు గోదావరి ఒడ్డున నరసింహస్వామి గుర్తొస్తాడు. ఇక్కడ చెప్పేది తమిళనాడులోని ధర్మపురి గురించి. 1965లో సేలం నుంచి విడిపోయిన ఈ జిల్లాలో 2004 దాకా కృష్ణగిరి, హోసూరు కూడా ఉండేవి. అంటే ఇంట్లో తెలుగు మాట్లాడే పల్లెలు చాలానే దాని కిందికి వచ్చేవి. వానను నమ్ముకున్న సేద్యం, రాగులు, చింతపండు, మామిడి, పాలకోడు టమాటా. 2011 జనగణనలోనూ తమిళనాడులో అక్షరాస్యత అన్నిటికన్నా తక్కువ తేలింది ఇక్కడే, 68.5 శాతం. పుట్టిన ఆడపిల్ల ప్రాణం తీసిన ఉదంతాలతో తొంభైల్లో ఈ జిల్లా పేరు పత్రికలకెక్కింది. ఆడవాళ్ల వ్యాపార దక్షత గురించి రాసేవాళ్లు పెద్ద కంపెనీల దగ్గర మొదలుపెడతారు. నా మటుకు దక్షిణాదిలో ఆ చరిత్ర మలుపు తిరిగింది ఈ మెట్ట జిల్లాలోనే.

1989 సెప్టెంబరులో, ఐఫాడ్ అనే అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సాయంతో, తమిళనాడు మహిళాభివృద్ధి కార్పొరేషన్ ధర్మపురిలో స్వయం సహాయక సంఘాలు కట్టడం మొదలుపెట్టింది. ఆ ఆలోచనకు అప్పటికే ఒక బాట పడి ఉంది. కర్ణాటకలో మైరాడా సంస్థ పనిచేసిన పల్లెల్లో 1980ల మధ్యలో కొన్ని పెద్ద సహకార సంఘాలు చీలిపోయాయి. ఒకరినొకరు నమ్మే కొద్దిమంది విడిగా కూర్చుని పొదుపు చేసుకోసాగారు. ఆ కొద్దిమంది నమ్మకాన్నే ధర్మపురిలో ప్రభుత్వం ఒక పథకంగా మలిచింది.

సంఘంలో పన్నెండు నుంచి ఇరవై మంది. మీటింగు రోజున చాప పరిచి గుండ్రంగా కూర్చుంటారు. మధ్యలో పాసుబుక్కులు, తీర్మానాల పుస్తకం. పేరు పిలిచిన కొద్దీ ఒక్కొక్కరు పొదుపు డబ్బు ముందుపెడతారు. ఆ తర్వాతే అప్పు మాట. ఒకరికి ఆవు కొనాలి, ఒకరికి బిడ్డ ఆస్పత్రి ఖర్చు, మరొకరికి వడ్డీవ్యాపారి దగ్గర కుదువపెట్టిన కమ్మలు విడిపించుకోవాలి. ఎవరి అవసరం ముందు, కిందటి వాయిదా ఎవరు ఆపారు, ఎవరి మాట మీద ఇవ్వొచ్చు, అన్నీ అందరి ఎదుటే తేలాలి. చదువొచ్చిన ఒకామె పద్దు రాస్తే, చదువు రానివాళ్లు నోటిలెక్కతో సరిచూస్తారు. బ్యాంకులో ఇంత పనికి జీతమిచ్చి మేనేజరును పెట్టుకుంటారు. ఈ ఆడవాళ్లు పొలం పని, వంట పని ముగించుకొచ్చి చేశారు. వాళ్ల ఘనత చెప్పేటప్పుడు మనం ఎక్కువగా వదిలేసేది ఇదే.

బ్యాంకుల తీరు మారడానికి ఇంకొంచెం కాలం పట్టింది. 1992లో నాబార్డు 500 సంఘాలతో ప్రయోగంగా అప్పుల పథకం పెట్టింది. రిజిస్టరు కాని సంఘం పేరునా పొదుపు ఖాతా తెరవొచ్చని 1993 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పింది. సంఘం పొదుపుకు నాలుగు రెట్ల దాకా, హామీగా ఆస్తి చూపకుండానే అప్పు పుట్టే వీలు వచ్చింది. పట్టా తన పేరున లేని మనిషికి ఇది ఎంత పెద్ద మాటో వేరే చెప్పాలా? ధర్మపురి పని సేలం, దక్షిణ ఆర్కాడు, మదురై, రామనాథపురం జిల్లాలకు పాకింది. 1997-98లో ‘మగళిర్ తిట్టం’ పేరుతో సొంత నిధులతో రాష్ట్రమంతటా పరిచారు. ఇవాళ దేశంలో బ్యాంకు ఖాతా ఉన్న సంఘాలు కోటి పైమాటే.

మన వైపు 1982 నుంచే డ్వాక్రా ఉన్నా, దానికి ఊపిరి పోసింది నెల్లూరు. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాస్తే ‘పొదుపులక్ష్మి’ అయింది. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో సంఘాలను సమాఖ్యలుగా కూర్చడం మొదలైంది. తర్వాత ‘వెలుగు’ పథకం దాన్ని ఊరూరా తీసుకెళ్లింది.

అన్నీ మంచే జరిగాయని నేననను. ఆడవాళ్ల పేరున తెచ్చిన అప్పు మగవాళ్ల చేతికి పోయిన ఇళ్లు ఎన్నో. సంఘాలు అలవాటు చేసిన క్రమశిక్షణనే ఆసరా చేసుకుని మైక్రోఫైనాన్స్ కంపెనీలు వారం వారం వాయిదాలకు గుమ్మాలెక్కాయి. 2006లో కృష్ణా జిల్లాలో గొడవ రాజుకుంది, 2010 అక్టోబరులో ఆ కంపెనీలను అదుపు చేయడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అంతకన్నా నన్ను బాధించేది మరొకటుంది: ముప్పై ఏళ్లు తు.చ. తప్పక అప్పు తీర్చినవాళ్లకూ చాలాచోట్ల దక్కింది రెండు గేదెలు, ఒక కుట్టుమిషను, ఒక బడ్డీకొట్టు. పెద్ద పెట్టుబడికి, మార్కెట్టుకు తలుపులు ఆలస్యంగా తెరిచాం.

2023 జులైలో ఇల్లాళ్లకు నెలకు వెయ్యి రూపాయలిచ్చే పథకం దరఖాస్తు శిబిరాలను తమిళనాడు ముఖ్యమంత్రి ప్రారంభించింది ధర్మపురి జిల్లా తొప్పూరులోనే. ఆ సొమ్ము అవసరమే. కానీ పెట్టుబడి లెక్క వేరు. 2025లో నారాయణపేటలో మహిళా సమాఖ్య పెట్రోలు బంకు తెరిచింది. అదే ఏడాది తెలంగాణ మండల సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకివ్వడం మొదలుపెట్టాయి. నారాయణపేట ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోదే, 1995లో సమాఖ్యలు మొలకెత్తిన చోటే.