హారోలో గుంపు కట్టిన రంగులు

లండన్ శివారు హారోలో మనవాళ్ళు చాలామందే ఉన్నాం. అక్కడి వీల్డ్‌స్టన్‌లో 2016 దాకా కొడాక్ కర్మాగారం ఉండేది. ఊళ్ళో మా నాన్నగారిది ఫొటో స్టూడియో. ఆ పసుపు డబ్బాల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి, అది మూతపడిందని తెలిసినప్పుడు మా స్టూడియో రెండోసారి మూసినట్టే అనిపించింది. కానీ అక్కడ కనిపెట్టిన ఒక సంగతి ఇంకా పనికొస్తూనే ఉంది. ఈ వారం దాని గురించే చెబుతాను.

ఫిల్ముమీద పూసే వెండి లవణాలు వాటంతట అవి నీలం, ఊదా కాంతులకే బాగా స్పందిస్తాయి. ఆకుపచ్చ, ఎరుపు వాటికి పట్టవు. తగిన రంగు కలిపితే, ఆ రంగు పీల్చుకునే కాంతిని కూడా పట్టుకుంటాయని 1873లో బెర్లిన్‌లో హెర్మన్ ఫోగెల్ కనిపెట్టాడు. ఇక ఫిల్ము తయారుచేసేవాళ్ళు మంచి రంగుల కోసం వెతకడం మొదలుపెట్టారు.

1936లో హారో కొడాక్ పరిశోధనశాలలో ఎడ్విన్ జెల్లీ సయనిన్ జాతి రంగు ఒకటి పరీక్షిస్తున్నాడు. పల్చటి ద్రావణంలో అది కాంతిని వెడల్పాటి పట్టీగా పీల్చుకునేది. ఉప్పు కలిపితే, ఎరుపు వైపుకి జరిగి సన్నగా, పదునుగా కొత్త పట్టీ ఒకటి కనిపించింది. ఇంచుమించు అప్పుడే జర్మనీలో గుంటర్ షైబే కూడా విడిగా ఇలాంటిదే గమనించాడు. రంగు అణువులు గుంపు కట్టి, కలిసికట్టుగా కాంతిని పీల్చడమే కారణం. జెల్లీ పేరుమీద వీటిని జె-గుంపులంటారు. కలర్ ఫిల్ముల్లో ఇవి బాగా ఉపయోగపడ్డాయి.

గుంపు ఎలా కట్టాయన్నదే అసలు సంగతి. మెట్ల వరుసలా ఏటవాలుగా జారి పేరుకుంటే పట్టీ ఎరుపు వైపు జరుగుతుంది. అప్పడాల దొంతరలా సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడితే నీలం వైపు జరుగుతుంది.

1991లో స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో బ్రయన్ ఒరీగన్, మైకెల్ గ్రెట్సెల్ కొత్తరకం సౌరఘటం చేశారు. గోడల పెయింట్లలో తెలుపుకి వాడే టైటానియం డయాక్సైడ్‌నే అతి సన్నని రేణువులుగా, 10 మైక్రాన్ల మందాన పరిచారు. ఆ పొరనిండా కంటికి కనిపించని రంధ్రాలే. వాటి లోపలి గోడలకి రంగు పట్టించారు. పడిన ఎండలో 7 శాతానికి పైగా విద్యుత్తు అయింది.

ఇక్కడ మాత్రం గుంపు కడితే చాలాసార్లు నష్టమేనండీ. పీల్చిన శక్తి గోడకి చేరకముందే అణువుల మధ్యే వృథా అయిపోతుంది. అందుకని పిత్తరసంలో ఉండే ఒక ఆమ్లాన్ని కలుపుతారు. అది రంగు అణువుల మధ్య దూరి వాటిని ఎడంగా ఉంచుతుంది.

రంగు మంచిదైతే చాలదు, దాని అణువులు ఎలా సర్దుకున్నాయో కూడా చూడాలి. నాన్నగారు డబ్బాలోంచి ఫిల్ము తీసేటప్పుడు ఇదంతా ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఇప్పుడు ఆ కర్మాగారం స్థలంలో ఇళ్ళు లేచాయి. అటు వెళ్ళినప్పుడు మీ పిల్లలకి జెల్లీ కథ చెప్పండి.