బింగ్ చెర్రీ పుట్టిన తోట

1847లో హెండర్సన్ లూయెలింగ్ అనే రైతు అయోవా నుంచి ఆరెగాన్‌కు బయలుదేరాడు. బండిలో మట్టి నింపి, సుమారు 700 పండ్ల మొక్కలు నాటి, దారి పొడవునా నీళ్లు పోస్తూ నెలల తరబడి నడిపించాడు. కొన్ని దారిలోనే ఎండిపోయాయి. బతికినవాటితో మిల్వాకీ అనే ఊళ్లో నర్సరీ వెలసింది. 1850లో తమ్ముడు సెత్ కూడా అక్కడికి చేరాడు.

అన్నదమ్ములు బానిసత్వానికి బద్ధ విరోధులు. అలాంటివాళ్లను ప్రత్యర్థులు ‘బ్లాక్ రిపబ్లికన్లు’ అని ఎద్దేవా చేసేవారు. సెత్ తన తోటలో పుట్టిన నల్లటి చెర్రీకి సరిగ్గా ఆ పేరే తగిలించాడు. ఇక ఆ పండు కొనాలంటే ఎవరైనా ఆ మాట అనాల్సిందే!

తీపి చెర్రీల్లో చాలావాటికి సొంత పుప్పొడితో కాయ పట్టదు, వేరే రకం పుప్పొడి కావాలి. కాబట్టి ప్రతి గింజా కొత్త కలయికే. మన టెంక మామిడిలాగే, మొలిచిన మొక్కల్లో ఏ ఒక్కటో మేలైనదిగా తేలుతుంది. దాన్ని గుర్తుపట్టి అంటు కడితేనే రకంగా నిలుస్తుంది.

సెత్ తోటలో అ బింగ్ అనే చైనా మేస్త్రీ ఉండేవాడు. చెర్రీ మొక్కల సాళ్లను యజమానీ మేస్త్రీ చెరికొన్ని పంచుకుని చూసేవారనీ, 1875లో బయటపడిన గొప్ప చెట్టు బింగ్ సాలులోనిదనీ, అందుకే అతని పేరు పెట్టారనీ సెత్ కుటుంబం చెప్పుకుంది. బ్లాక్ రిపబ్లికన్ గింజ నుంచి వచ్చిందనే ఆ చెట్టు పండు పెద్దది, ముదురెరుపుది. కండ గట్టిది కావడంతో దూర ప్రయాణాన్నీ తట్టుకుంది, దేశమంతా అమ్ముడుపోయింది.

బింగ్‌కు మాత్రం ఆ దేశం తలుపు మూసింది. చైనా కూలీల రాకను నిషేధిస్తూ 1882లో చట్టం వచ్చింది, తర్వాత అది మరింత బిగిసింది. 1889లో సొంతవాళ్లను చూడటానికి వెళ్లిన బింగ్ మళ్లీ అమెరికాకు రాలేకపోయాడు. ఆ నిషేధం 1943 దాకా పోలేదు.

అదే మిల్వాకీలో పుట్టిన లాంబర్ట్ చెర్రీ పక్కనున్నా బింగ్‌కు కాయ పట్టదు, రెండింటి పుప్పొడీ ఒకే వర్గానిది. కెనడా నుంచి వచ్చిన వ్యాన్ రకం మాత్రం జత కుదిరింది. 1952లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్రాసర్‌లో హెరాల్డ్ ఫోగల్ ఈ రెండింటినీ కలిపితే, ముదురు రంగు తల్లిదండ్రులకు ఎర్రజీర పసుపు పండు పుట్టింది. అదే రెయినియర్. 1968లో కెనడాలోని సమ్మర్‌ల్యాండ్ శాస్త్రజ్ఞులు లాంబర్ట్ సంతతి నుంచి స్టెల్లాను తెచ్చారు. తన పుప్పొడితో తనే కాసే తీపి చెర్రీ రకాల్లో తోటలకెక్కిన మొదటిది అదే.

పుల్ల చెర్రీకి ఈ తిప్పలు లేవు. మిషిగన్‌లో మాంట్‌మొరెన్సీ అనే ఒకే రకంతో తోటంతా నింపేయవచ్చు. బింగ్ వేసే రైతు మాత్రం నేటికీ మధ్యమధ్య వేరే రకాన్ని నాటుకోవాలి, తేనెటీగల పెట్టెలు పెట్టించుకోవాలి. బయటి పుప్పొడి రాకపోతే ఆ తోటలో పూత తప్ప పంట ఉండదు.