గండిలో పడవ

వరంగల్లు అంచున ఉన్న ఎనుమాముల మార్కెట్టు యార్డులో పత్తి కాలం వచ్చినదంటే బండ్లు, ట్రాక్టర్లు, లారీలు బారులు తీరుతవి. ఆ పత్తి రోడ్డు మీదనో రైలు మీదనో పోవలసినదే గాని, నీటి మీద పోవచ్చుననే ఊహ నేడు ఎవరికీ రాదు. కాని నూట అరవై సంవత్సరాల క్రిందట, ఈ ప్రాంతానికి తూర్పు హద్దుగా పారే గోదావరి మీదుగా బీరారు పత్తిని సముద్రానికి చేర్చవలెనని పెద్ద ప్రయత్నం జరిగినది. పది సంవత్సరాలు సాగి నిలిచిపోయినది. దానికి అడ్డువచ్చిన వాటిలో మొదటివి రాళ్లు. సరిగా ఆ రోజులలోనే భూగోళానికి ఆవలి వైపున, ఎడారి గుండా పారే మరొక నదిలో, అటువంటి రాళ్ల నడుమకే పది మంది మనుషులు నాలుగు పడవలు వేసుకొని దిగిపోయారు. గోదావరి మీద ఇంజనీర్లు నదిని పడవకు అనువుగా మార్చబోయారు. ఆ ఎడారి నది మీద తరతరాలుగా పడవనే మార్చుతూ పోయారు. అలా మార్చగా మార్చగా, వేయి మైళ్ల గండిని ఒక్క మనిషి ఒంటరిగా దాటగలిగే రోజు వచ్చినది.

గండి అనే మాటను ఇక్కడ ఊరకే వాడలేదు. కొండను కోసుకొని నది బయటపడే చోటికి తెలుగువారు పెట్టుకొన్న పేరు అది. కడప జిల్లాలో పెన్న ఎర్రమల కొండలను చీల్చుకొని పోయే చోట కట్టిన కోట గండికోట అయినది. అక్కడ నది రెండు వైపులా సుమారు 300 అడుగుల ఎత్తున ఎర్రని బండలు పలకల మీద పలకలు పేర్చినట్లు నిలువుగా లేచి ఉంటవి. వాన తక్కువైన సీమలో ఇంత లోతైన కోత ఎట్లా ఏర్పడినదని చూచినవారికి ఆశ్చర్యం కలుగుతుంది. ఆలోచిస్తే వాన తక్కువ కావడం కూడ ఆ నిటారుతనానికి ఒక కారణమే. వానలు మెండుగా కురిసే చోట గట్లు కరిగి, జారి, లోయ వెడల్పయి, చెట్లతో కప్పబడుతుంది. పొడినేలలో గట్టును కరిగించే వాన లేదు. దూరపు కొండల నుండి వచ్చిన నీరు మాత్రం అడుగును కోస్తూనే ఉంటుంది. అందుచేత కోత లోతుకు పోతుంది గాని ప్రక్కకు అంతగా పోదు. రాయి గట్టిదై, నిలువు పగుళ్లు కలదైతే గోడలు మరింత నిటారుగా నిలుస్తవి.

గోదావరి గండి వేరు రకం. శబరి కలిసిన తరువాత పాపికొండల నడుమ నది ఇరుకై, లోతై, అడవి కప్పిన కొండల మధ్య మెలికలు తిరుగుతుంది. అక్కడ పడవకు చిక్కు తక్కువ. చిక్కంతా ఎగువన ఉన్నది. ధవళేశ్వరం ఆనకట్టను 1847 నుండి 1852 వరకు కట్టించిన ఆర్థర్ కాటన్‌కు నీటి రవాణా మీద గట్టి నమ్మకం. బండి మోత కంటె, రైలు మోత కంటె పడవ మోత చవుక అని ఆయన జీవితమంతా వాదించాడు. ఆయన ప్రోద్బలంతో హేగ్ అనే సైనిక ఇంజనీరు గోదావరిని, దాని ఉపనదులను పరిశీలించి పడవలు నడిపే పథకం తయారుచేశాడు. నదిలో మూడు చోట్ల రాతికట్లు పెద్ద అడ్డంకులుగా తేలినవి: భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం, ఇంద్రావతి సంగమానికి దగ్గరలో ఇచ్చంపల్లి, ప్రాణహితలో దేవలమర్రి. 1860లో నిజాముతో జరిగిన ఒడంబడిక వల్ల ఎడమగట్టు తాలూకాలు బ్రిటిషువారి చేతికి వచ్చినవి. 1861లో పని మొదలైనది. అదే సంవత్సరం అమెరికాలో అంతర్యుద్ధం ఆరంభమై, లాంకషైరు మిల్లులకు అక్కడి పత్తి రావడం దాదాపు నిలిచిపోయినది. ఇక బీరారు పత్తికి వచ్చిన గిరాకీ చెప్పనక్కరలేదు.

రాతికట్టును దాటించడానికి ఇంజనీర్లు ఎన్నుకొన్న ఉపాయం డెల్టా ప్రజలకు పరిచయమైనదే. నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి నీటిమట్టం లేపాలి. ప్రక్కనుండి కాలువ త్రవ్వి, అందులో లాకులు పెట్టి పడవను మెట్లు దింపినట్లు దింపాలి. లెక్క ప్రకారం సరియైన ఉపాయమే. కాని మన్యపు జ్వరాలు కూలీలను పడగొట్టినవి, ప్రతి వర్షాకాలానికీ వరద వచ్చి పని నిలిపివేసినది. 1865లో అమెరికా యుద్ధం ముగిసి పాత పత్తి మళ్లీ బజారుకు వచ్చినది. 1867లో బొంబాయి నుండి రైలు నాగపూరు చేరినది. బీరారు పత్తి అటు తిరిగినది. 1871లో ప్రభుత్వం పథకాన్ని విడిచిపెట్టినది. కాటన్ వాదంలో తప్పు లేదేమో. నీటి మోత చవుకే. అయితే సంవత్సరంలో కొన్ని నెలలు మాత్రమే లోతుగా పారే నది, సంవత్సరమంతా నడిచే రైలుతో పోటీ పడలేదన్న సంగతికి ఆయన తగినంత విలువ ఇవ్వలేదనిపిస్తుంది. దుమ్ముగూడెంలో ఆనకట్టా, లాకుల కట్టడమూ మిగిలినవి.

ఇక రెండవ నది. అమెరికా పశ్చిమాన మంచుకొండలలో పుట్టిన గ్రీన్ నది, కొలరాడో నది కలిసి ఎడారి పీఠభూమిని కోసుకొని పోతవి. అందులో గ్రాండ్ కాన్యన్ ఒక్కటే 277 మైళ్ల పొడవు, దాదాపు ఒక మైలు లోతు. 1869 నాటికి ఈ నది నడిమి భాగం పటంలో ఖాళీగా ఉండేది. ఆ సంవత్సరం మే 24న జాన్ వెస్లీ పావెల్ అనే భూగర్భశాస్త్ర ఆచార్యుడు తొమ్మిది మందితో గ్రీన్ రివర్ స్టేషను నుండి బయలుదేరాడు. యుద్ధంలో ఆయనకు కుడిచేయి పోయినది. ఒంటిచేత్తో గండి గోడలు ఎక్కి పొరలను పరిశీలించేవాడు.

వారికి పడవల కంటె విలువైనవి భారమితులు. ఎత్తు పెరిగిన కొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. సుమారు వేయి అడుగులకు పాదరసం ఒక అంగుళం దిగుతుంది. బయలుదేరిన చోట నది సముద్రమట్టానికి సుమారు 6,000 అడుగుల ఎత్తున ఉన్నది. వర్జిన్ నది కలిసే చోట వేయి అడుగుల లోపు. నడుమ అయిదు వేల అడుగుల పతనం ఉన్నదన్నమాట. అది అంచెలంచెలుగా వస్తుందా, లేక ఎక్కడో ఒకచోట నయాగరా వంటి జలపాతమై మనుషులను మింగుతుందా? ప్రతి రాత్రీ భారమితి చూచుకొంటే ఇంక దిగవలసినది ఎంత మిగిలి ఉన్నదో తెలుస్తుంది. జూన్ నెలలో లొడోర్ గండిలో ఒక పడవ బండకు కొట్టుకొని ముక్కలైనప్పుడు భారమితులన్నీ అందులోనే ఉన్నవి. మరునాడు ప్రాణాలకు తెగించి ఆ శిథిలం దగ్గరకు పోయి వాటిని తీసుకొని వచ్చారు. వాటితోపాటు ఆచార్యునికి తెలియకుండ దాచుకొన్న సారాయి పీపా కూడ దొరికినదట. ఎవరు దేనికోసం అంతగా తెగించారో చెప్పడం కష్టం.

ఆగస్టు 28 నాటికి తిండి అడుగంటినది. ముందు మరొక భయంకరమైన ఉరవడి. ముగ్గురు ఇక దిగమని చెప్పి గట్టెక్కి ఎడారిలోకి నడిచిపోయారు. మిగిలినవారు ఆ ఉరవడి దాటి, రెండు రోజులలో వర్జిన్ నది సంగమం చేరుకొన్నారు. గట్టెక్కినవారు తిరిగి రాలేదు. వారిని ఎవరు చంపారన్నది ఇప్పటికీ వివాదమే.

పావెల్ పడవలలో ఎక్కువ భాగం ఓకుకర్రతో చేసిన బరువైన పడవలు, సముద్రతీరాన వాడే మోస్తరువి. తెడ్లు వేసేవాడు వెనుకకు తిరిగి కూర్చొని పడవను నీటికంటె వేగంగా లాగేవాడు. ఎదుట బండ ఉన్నదో సుడి ఉన్నదో అతనికి కనబడదు. ఈ పద్ధతిని తలక్రిందులు చేసినవాడు శాస్త్రజ్ఞుడు కాడు. నెథేనియల్ గాలోవే అనే ఉటా వేటగాడు 1890ల నాటికి తేలికైన, అడుగు చదునైన పడవ చేసుకొని, ప్రవాహం వైపు ముఖం పెట్టి కూర్చొని, తెడ్లను ఎగువకు లాగడం మొదలుపెట్టాడు. పడవ ప్రవాహం కంటె నెమ్మదిగా పోతుంది; ఆలోచించుకొనే వ్యవధి దొరుకుతుంది. పడవను కొంచెం ఏటవాలుగా త్రిప్పి ఎగువకు లాగితే, లాగిన బలంలో ఒక భాగం వేగాన్ని తగ్గిస్తుంది, రెండవ భాగం పడవను ప్రక్కకు జరుపుతుంది. బండ తప్పిపోతుంది. తరగతిగదిలో బలాల విభజనకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

పద్ధతి తెలిసినంత మాత్రాన అందరూ బ్రతకలేదు. 1928లో గ్లెన్ హైడ్, బెస్సీ హైడ్ అనే నవదంపతులు ఇంట్లో చేసుకొన్న పెద్ద పెట్టెపడవలో దిగారు. డిసెంబరులో ఆ పడవ సామానుతో సహా తిన్నగా తేలుతూ కనబడినది. మనుషులు ఏమైనదీ నేటికీ తెలియదు.

ఒంటరి ప్రయాణం 1937లో జరిగినది. బజ్ హోమ్‌స్ట్రామ్ ఓరెగన్ రాష్ట్రంలోని కోక్విల్ అనే చిన్న ఊరిలో పెట్రోలు బంకులో పనిచేసేవాడు. దేవదారు జాతి కర్రతో పడవ తానే చేసుకొని, అక్టోబరు 4న గ్రీన్ రివర్ నుండి బయలుదేరాడు. నవంబరు 25న బౌల్డర్ ఆనకట్ట గోడకు పడవ ముక్కు తాకించాడు. యాభై రెండు రోజులు, సుమారు 1,100 మైళ్లు. కొన్ని ఉరవళ్ల దగ్గర మాత్రం పడవను నీటిలో విడువక, రాళ్ల మీదుగా ఒక్కడే మోసి, ఈడ్చి దాటించాడు. ఇది పిరికితనమని ఎవరూ అనుకోరాదు. ఒంటరివానికి కాలు బెణికితే చాలు, కథ ముగిసినట్లే. ప్రక్కన పిలిస్తే పలికేవాడు లేడు, గోడ ఎక్కితే ఎడారి. దాటగలిగిన ఉరవడి ఏది, దాటకూడనిది ఏది అని గట్టున నిలబడి తేల్చుకోవడంలోనే అతని నేర్పంతా ఉన్నది.

ఇంతవరకు కయాక్ ప్రసక్తి రాలేదు. అది ధ్రువప్రాంతపు ఇన్యూయిట్ ప్రజలు సీలు తోలును చట్రానికి బిగించి చేసుకొన్న వేటపడవ. మన తుంగభద్ర మీద, కృష్ణ మీద తిరిగే పుట్టి కూడ ఆ సూత్రం మీదనే చేసినది: వెదురు అల్లిక, దానిపై తోలు. కాని పుట్టి గుండ్రనిది. బరువు మోస్తుంది, గిర్రున తిరుగుతుంది. కయాక్ ములుకువలె సన్ననిది, పైన మూత కలది. మనిషి నడుము వరకు అందులో ఇమిడి కూర్చొంటాడు. గురుత్వకేంద్రం నీటిమట్టానికి దగ్గరగా ఉంటుంది. తలక్రిందులైనా నీరు లోనికి రాదు. తెడ్డును నీటిపై ఆనించి నడుము త్రిప్పితే మళ్లీ లేస్తుంది. ఈ విద్యను పుస్తకాల వర్ణనలు చూచి హాన్స్ పావ్లాటా అనే ఆస్ట్రియా దేశస్థుడు 1927లో సాధించాడు. అంతకుముందే, 1907 నుండి, జర్మనీలో మడిచి పెట్టెలో పెట్టుకొనే గుడ్డ కయాకులు అమ్మకానికి వచ్చినవి. 1938లో ముగ్గురు ఫ్రెంచివారు, అందులో ఒకరు స్త్రీ, అటువంటి కయాకులతో గ్రీన్, కొలరాడో నదుల మీద దిగారు. గ్రాండ్ కాన్యన్ మొదటిసారి కయాక్‌ను చూచినది 1941లో. 1960లో వాల్టర్ కిర్ష్‌బామ్ ఒక్క ఉరవడినీ గట్టు మీదుగా తప్పించుకోకుండ కయాక్‌లోనే దాటాడు. ఆయన 1953లో ఈ క్రీడలో ప్రపంచ విజేత.

ఇంతకూ ఉరవళ్లు ఎందుకు ఏర్పడుతవి? లూనా లియోపోల్డ్ 1965లో పడవపై పోతూ నది లోతును, వాలును కొలిచాడు. నది మొత్తం పతనంలో సగం, దాని పొడవులో పదవ వంతు కంటె తక్కువ భాగంలోనే జరుగుతున్నదని తేలినది. మిగిలినదంతా నిదానమైన మడుగే. ఉరవళ్లలో ఎక్కువ భాగం ప్రక్కవాగులు కలిసే చోట్లనే ఉంటవి. ఎండిన వాగు పది సంవత్సరాలు ఇసుకదారి వలె పడి ఉంటుంది. ఒకనాడు ఎగువన కుండపోత కురిసి ఇంటి పరిమాణం గల బండలను దొర్లించుకొని వచ్చి నదిలో పోస్తుంది. 1966 డిసెంబరు వరకు క్రిస్టల్ వాగు వద్ద ఉన్నది చిన్న ఉరవడి. ఆ నెలలో వచ్చిన ఒక్క తుపానుతో అది గండిలోకెల్ల భయంకరమైన వాటిలో ఒకటైనది. గోదావరి రాతికట్లు అట్లా కావు. అవి నది అడుగున ఉన్న మూలశిలే. దుమ్ముగూడెం రాయి హేగ్ వచ్చినప్పుడు ఎక్కడ ఉన్నదో ఇప్పుడూ అక్కడే ఉన్నది.

అందుకే ఎడారి గండిలో అనేక దినాలు ఒంటరిగా పోయేవాడు ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా వాగు మూతిలో పడుకోడు. వాన ముప్పై మైళ్ల దూరాన కురిసి ఉండవచ్చును. నీరు చుట్టూ ఉన్నా త్రాగడానికి పనికిరాదు. పూర్వం కొలరాడో నీరు ఎర్రమట్టి చారు. బకెట్టులో పోసి రాత్రంతా తేరనిచ్చేవారు. మన పల్లెల్లో చిల్లగింజ అరగదీసి మురికినీటిని తేర్చినట్లు, అక్కడ నాగజెముడు కాండాన్ని వాడేవారు. రెండింటిలోని జిగురు సన్నని మట్టిరేణువులను గుంపుకట్టించి అడుగుకు దింపుతుంది.

ఆ ఎర్రనీరు 1963 నుండి మారిపోయినది. ఆ సంవత్సరం గ్లెన్ కాన్యన్ ఆనకట్ట తలుపులు మూశారు. మట్టి జలాశయంలోనే ఆగిపోయి, దిగువకు చల్లని తేటనీరు వస్తున్నది. కొత్త ఇసుక రాక, బస చేయడానికి ఆధారమైన ఇసుకతిన్నెలు కరుగుతున్నవి. వాటిని నిలపడానికి 1996లో కావలెనని వరద వదిలారు. మన గండికోటలోనూ గాలేరు–నగరి పథకపు జలాశయం వల్ల పెన్న గండిలో నీరు నిలిచి ఉంటున్నది. గ్రాండ్ కాన్యన్‌లో ఇప్పుడు నీటిమట్టం వానను బట్టి గాక, దూరనగరాలలో దీపాలు వెలిగే వేళలను బట్టి రోజుకు ఒకసారి లేచి పడుతుంది. రాత్రి గట్టున పెట్టిన పడవ తెల్లవారేసరికి నీటిలో తేలి ఉండవచ్చును; ఆ ఆటు తెలిసిన కయాక్‌వాడు పడుకోబోయే ముందు పడవను బాగా ఎత్తున కట్టివేస్తాడు.