గోరంత తోలు, కొండంత ఆట

1875లో జబల్‌పూర్ సైనికాధికారుల మెస్‌లో నెవిల్ ఛాంబర్లిన్ అనే యువ అధికారి పాత బిలియర్డ్స్ ఆటకు మరికొన్ని రంగు బంతులు చేర్చాడు. అలా స్నూకర్ పుట్టింది. 1882లో ఊటీ క్లబ్బులో దాని నియమాలు రాసి గోడకు తగిలించారు. ఈ కథ చాలామందికి తెలిసిందే. ఆ ఆటను సాధ్యం చేసిన తోలు బిళ్లను మాత్రం ఎవరూ తలుచుకోరు. బంతిని కొట్టే క్యూ కర్ర కొసన అది గోరంత ఉంటుంది. దాన్నే టిప్పు అంటారు.

టిప్పు రాకముందు ఒట్టి కర్రతోనే ఆడేవారు. బంతిని నడిమధ్యన కొడితే సరి, కాస్త పక్కకు తగిలిందా, కర్ర జర్రున జారేది. పట్టు కోసం కొసను సున్నపు గోడలకు రుద్దేవారు. ఫ్రెంచి సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసిన ఫ్రాన్స్వా మింగో రాజకీయ ఖైదీగా పారిస్ దగ్గరి బిసెత్ర్ జైలుకు వెళ్లాడు. అక్కడ దొరికిన బల్ల మీద ఆడుతూ, కర్ర కొసకు తోలు అంటించే పద్ధతిని తీర్చిదిద్దాడు. శిక్ష ముగిసే వేళకు ఇంకొన్నాళ్లు ఉంచమని అడిగాడనీ చెబుతారు. 1807 ప్రాంతంలో బయటికొచ్చి, కొట్టిన బంతి వెనక్కి రావడం, వంపు తిరగడం జనానికి చూపించాడు. చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు. 1827లో ఆ దెబ్బలన్నీ పుస్తకంగా వేశాడు.

ఇంగ్లండులో జాక్ కార్ అనేవాడు బాత్ పట్టణంలో బంతిని తిప్పే పొడి అంటూ ఒకటి అమ్మాడు. అది ఒట్టి చాక్ పొడే. మనం ఇప్పుడు వాడే చాక్ బిళ్లకు 1897లో అమెరికాలో స్పింక్స్, హాస్కిన్స్ పేటెంటు తీసుకున్నారు. అందులో ప్రధానంగా ఉండేది సిలికా. బంతి తిరుగుడు గణితానికీ ఎక్కింది. వాతావరణ పాఠాల్లో కొరియోలిస్ బలం అని చదువుకుంటామే, ఆ కొరియోలిస్ 1835లో బిలియర్డ్స్ గణితం మీద ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. కర్రకు తోలు లేకపోతే లెక్క కట్టడానికి ఆ తిరుగుడు ఎక్కడిది?

మన వైపు ఈ ఆట ఫలక్‌నుమా ప్యాలెస్ బిలియర్డ్స్ గదిలో రాజసంగా సాగింది. తర్వాత క్లబ్బులకు, ఊళ్లకు దిగింది. 1980ల చివర్లో గుంటూరులో జరిగిన జాతీయ స్నూకర్ పోటీల్లో ఆటగాడు గీత్ సేథీ 147 పాయింట్ల బ్రేక్ కొట్టాడు. అంటే వరసగా 36 బంతులు పాకెట్లో పడాలి, ఒక్కటీ తప్పకూడదు. ప్రతి దెబ్బలోనూ టిప్పు బంతికి తగిలి ఉండేది సెకనులో దాదాపు వెయ్యో వంతు. ఆ రెప్పపాటైనా లేని క్షణంలో తోలు బంతిని పట్టుకోవాలి. అందుకే టిప్పు వేసేవాడి పనితనం అంటే నాకు ఎంతో గౌరవం.

ఆ పని దగ్గర నిలబడి చూడదగ్గది. పాత తోలును బ్లేడుతో లేపేస్తారు. కింద కర్ర కొసకు తొడిగి ఉండే ఫెర్రుల్ మీద ఎండిన జిగురు ఒక్క పొర కూడా మిగలకూడదు. చదునైన చెక్క మీద ఉప్పు కాగితం పరిచి, కర్రను నిటారుగా పట్టి రుద్దుతారు. కర్ర ఏమాత్రం ఒరిగినా టిప్పు ఒక పక్క లేచిపోతుంది. కొత్త టిప్పు అడుగునూ గరుకు చేసి, ఒక్క చుక్క జిగురు వేసి, కదలకుండా అదిమి పట్టి ఆరనిస్తారు. తర్వాత కర్రను తలకిందులు చేసి, టిప్పును బల్లకు ఆనించి, అంచు దాటిన తోలును బ్లేడుతో చుట్టూ కోస్తారు. పైభాగాన్ని గుండ్రంగా అరగదీస్తారు. పూల్ కర్రకు టిప్పు వెడల్పు 12, 13 మిల్లీమీటర్లు. స్నూకర్‌కు 9, 10 చాలు. ఆఖరున పక్క అంచును కాస్త తడిపి తోలుముక్కతో రుద్దితే నున్నగా గట్టిపడుతుంది, దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకోదు.

ఎంత బాగా వేసినా ఆడేకొద్దీ తోలు అణిగి పైన మెరుపెక్కుతుంది. అప్పుడు చాక్ నిలవదు, టిప్పు బంతి మీద జారిపోయే మిస్‌క్యూలు మొదలవుతాయి. మళ్లీ కాస్త గరుకు చేస్తే చాలు. చాక్‌ను కొసలోకి గుచ్చి గిరగిరా తిప్పడం మాత్రం మానాలి, పలచగా ఒక పూత పూస్తే సరిపోతుంది. కొత్త టిప్పు కుదురుకోవడానికి కొన్ని ఆటలు పడుతుంది, కాబట్టి పోటీకి ముందు రోజు ఎవరూ టిప్పు మార్చరు.