బహ్రెయిన్ దిబ్బలో పచ్చ పింగాణీ

బహ్రెయిన్ ఉత్తర తీరాన ఖల్అత్ అల్-బహ్రెయిన్ అనే కోటదిబ్బ ఉంది. పన్నెండు మీటర్ల ఎత్తున్న ఆ దిబ్బ వేల యేళ్ళ నివాసాల శిథిలాలతో పేరుకొన్నది. 1950ల్లో పి. వి. గ్లోబ్, జెఫ్రీ బిబ్బీల డెన్మార్కు బృందం ఇక్కడ తవ్వకాలు ఆరంభించినప్పుడు వెదకినది సుమేరియన్లు చెప్పిన దిల్మున్‌ని. తరువాత మోనిక్ కెర్వ్రాన్ నాయకత్వాన ఫ్రెంచి బృందం కడలి ఒడ్డునున్న చిన్న కోటను తవ్వినప్పుడు, మధ్యయుగపు పొరల్లో చైనా పాత్రల పెంకులు బయటపడ్డాయి. వాటిలో లేత ఆకుపచ్చనివి సెలడన్ ముక్కలు.

సెలడన్ పచ్చదనానికి మూలం ఇనుము. పాత్రపై పూసే గాజుపూతలో అది కొద్దిపాళ్ళలో ఉంటుంది. బట్టీలోకి గాలి చొరబడకుండా కాల్చితే ఇనుము ప్రాణవాయువును కోల్పోయి పచ్చబడుతుంది. గాలి ఎక్కువైతే పసుపుకో గోధుమరంగుకో తిరుగుతుంది. ఈ విద్యలో ఆరితేరినవి జెజియాంగ్ రాష్ట్రంలోని లుంగ్‌చ్వాన్ బట్టీలు. అక్కడి పళ్ళాలూ గిన్నెలూ హిందూ మహాసముద్రం మీదుగా పారశీక, అరబ్బు రేవులకు చేరేవి. ముత్యాలకు పేరుపడ్డ బహ్రెయిన్‌కు వాటిని కొనుక్కొనే స్తోమత ఉండేది.

అదే శతాబ్దంలో మన తీరం కూడా ఈ దారిలోనే ఉంది. 1244 నాటి మోటుపల్లి అభయశాసనంలో కాకతీయ గణపతిదేవుడు, తుఫానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును మునుపటి రాజుల వలె లాగుకొనక, సుంకం మాత్రమే తీసుకొంటానని సముద్రవర్తకులకు మాట ఇచ్చాడు. ఆ సుంకాల పట్టికలో చీనా కర్పూరం ఉంది. మోటుపల్లిలోనూ, నెల్లూరు తీరపు కొత్తపట్నంలోనూ చైనా పింగాణీ పెంకులు దొరికాయి.

ఇక చెక్కుచెదరని సెలడన్ చూడాలంటే హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళాలి. మన దేశపు సంపన్నుల ఇళ్ళలో దీన్ని గోరీ పింగాణీ అనేవారు. విషాన్నం వడ్డిస్తే పళ్ళెం పగులుతుందనీ, రంగు మారుతుందనీ నమ్మకం. పూత గాజే కనుక పాషాణానికీ ఉమ్మెత్తకూ అది చలించదు. అయితే చల్లని పళ్ళెంలో మరిగే కూర పోస్తే పాత బీట విచ్చుకోవచ్చు. అలాంటి రోజున వంటవాడి గతి ఏమయ్యేదో!

సేకర్తకు నిండుపాత్ర కావాలి. చరిత్రకారునికి పెంకు చాలు, అయితే అది ఏ పొరలో, ఏ నాణెం పక్కన, ఏ కుండముక్కలతో కలిసి దొరికిందో తెలియాలి. రాత్రికి రాత్రి తవ్వి తీసిన గిన్నె ఎంత అందమైనదైనా ఈ సమాచారాన్ని శాశ్వతంగా పోగొట్టుకొన్నదే. గల్ఫ్‌లోనో లండన్‌లోనో అలాంటిదాన్ని కొనే విద్యావంతుడు తాను సంస్కృతిని కాపాడుతున్నానని నిజాయితీగానే నమ్ముతాడు. కాని అతడిచ్చే ధరే తదుపరి గునపానికి కూలి.

నకిలీ భయంతో కొందరు పాత్ర అడుగునుంచి రవ్వంత మట్టి తొలిపించి థర్మోల్యూమినిసెన్స్ పరీక్షకు పంపుతారు. పాత్ర సుమారు ఎప్పుడు కాలిందో అది చెబుతుంది. ఏ నేలలోంచి, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పదు. ఆ ప్రశ్న అమ్మేవాణ్ణి అడగవలసిందే. కాగితాలు చూపలేకపోతే బేరం అక్కడే ఆపాలి.