కాలయంత్రం కోసం నిరీక్షణ: 'ఆదిత్య 369' తరువాయి కథ

కాలయానమనే భావనను తెలుగు ప్రేక్షకులకు వెండితెరపై సాక్షాత్కరింపజేసిన చిత్రం 'ఆదిత్య 369'. ఇది 1991 జూలై 18న విడుదలైంది. ఎచ్.జి.వెల్స్ 1895లో 'ది టైమ్ మెషీన్' నవలను వెలువరించిన నాటినుండి ఈ ఇతివృత్తం పాశ్చాత్య సాహిత్యంలో సుపరిచితమే. అయితే దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు ఆ యంత్రాన్ని శ్రీకృష్ణదేవరాయల రాజ్యంలో దింపడంతో అది పరాయి ఊహగా మిగలక తెలుగువారి సొంత కథ అయింది.

కథానాయకుడు తొలుత 1526 నాటి విజయనగరానికి, పిమ్మట 2504వ సంవత్సరానికి చేరుకుంటాడు. రాయలవారు 1509 నుండి 1529 వరకు పాలించారు గనుక కథలోని తేదీ చరిత్రతో పొసగుతుంది. నందమూరి బాలకృష్ణ నేటి యువకుడుగాను, రాయలవారుగాను ద్విపాత్రాభినయం చేశారు. తెనాలి రామకృష్ణుని పాత్రను చంద్రమోహన్ ధరించారు. జంధ్యాల సంభాషణలు, ఇళయరాజా సంగీతం కథకు జీవం పోశాయి. పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్ లాల్ అనే ముగ్గురు ఛాయాగ్రాహకుల పనితనం మూడు కాలాలకు మూడు వన్నెలు తెచ్చింది.

ఇటువంటి చిత్రానికి కొనసాగింపు కావాలని ప్రేక్షకులు కోరుకోవడం సహజం. ఆ ప్రస్తావన ఏళ్ల తరబడి వినవస్తూనే ఉంది. తన కుమారుడు మోక్షజ్ఞ కథానాయకుడుగా 'ఆదిత్య 999' రూపొందుతుందని 2024 డిసెంబరులో బాలకృష్ణ ప్రకటించడంతో అభిమానుల ఆశలు మళ్లీ చిగురించాయి. వాటి వెన్నంటే సందేహాలూ తలెత్తాయి. మొదటి చిత్రాన్ని సమర్పించిన ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం 2020లో కన్నుమూశారు. జంధ్యాల 2001లో, ప్రతినాయకుడుగా నటించిన అమ్రీష్ పురి 2005లో, చంద్రమోహన్ 2023లో దివంగతులయ్యారు. 1931లో జన్మించిన సింగీతం తొంభయ్యవ పడి దాటారు. కాలాన్ని జయించే కథకే కాలం ఇన్ని విధాల అడ్డుపడటం విచిత్రమే.

ఇంతటి నిరీక్షణ తెలుగువారికి మాత్రమే దక్కినది కాదు. రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో 1982లో వచ్చిన 'బ్లేడ్ రన్నర్' 2019 నాటి లాస్ ఏంజెలిస్ నగరాన్ని ఊహించింది. తొలి విడుదలలో అంతగా ఆదరణ పొందని ఆ చిత్రం క్రమంగా అసంఖ్యాకులకు ఆరాధ్యమైంది. ముప్పయ్యయిదేళ్ల అనంతరం, 2017లో, డెనీ విల్నేవ్ దర్శకత్వంలో 'బ్లేడ్ రన్నర్ 2049' వెలువడింది. ఛాయాగ్రహణానికి, దృశ్య ప్రభావాలకు ఆస్కార్ బహుమతులు లభించినప్పటికీ, వ్యయానికి తగిన వసూళ్లు రాలేదు. అయినా ఆ చిత్రం ఒక పాఠం నేర్పింది. ఆలస్యాన్ని అది కప్పిపుచ్చలేదు. కథలోనూ ముప్పయ్యేళ్లు గడిచిపోయాయి. హారిసన్ ఫోర్డ్ వయసు మీరిన మనిషిగానే తెరపైకి వచ్చి, తాను పోగొట్టుకున్న బంధాలను వెదుక్కున్నాడు. నిరీక్షణలో గడిచిన కాలమే కథకు వస్తువైంది.

'ఆదిత్య' అభిమానుల ఆందోళనకు సమాధానం ఇందులోనే ఉంది. సాంకేతిక సామర్థ్యం నేడు కొరత కాదు. సింగీతం మార్గదర్శకులుగా వ్యవహరించిన 'కల్కి 2898 ఎ.డి.' 2024లో విడుదలై, తెలుగు చిత్రసీమ భవిష్యత్ ప్రపంచాలను భారీ స్థాయిలో చిత్రించగలదని నిరూపించింది. యంత్రాలు సృష్టించే వైభవం ఎంత ఉన్నా, రాయలవారి కొలువులోని మాటల చమత్కారం, గతంలో చిక్కుకుపోయిన సుత్తివేలు కానిస్టేబుల్ తికమక దానంతట అవి రావు. 1991 నాటి చిత్రం ప్రేక్షకులను ఆకట్టుకున్నది యంత్రం చూపిన వింతలతో కంటె, వింతల మధ్య సామాన్యులు పడిన పాట్లతోనే. ఆ మానుషత్వం లోపిస్తే 2504ను మించిన ఏ సంవత్సరం చూపినా ఫలితం ఉండదు.

2025 ఏప్రిల్ 4న 'ఆదిత్య 369' 4కె రూపంలో పునర్విడుదలైంది. తొలినాడు పదేళ్ల ప్రాయంలో చూసినవారు అప్పటికి నడివయస్కులు. తెరమీది కథానాయకుడు మాత్రం అదే యవ్వనంతో అదే యంత్రం ఎక్కాడు. తరువాయి చిత్రం ఎప్పుడు వచ్చినా, ఎవరు తీసినా, ఈ రెంటి మధ్యనున్న దూరాన్ని మరువక, ఆ ప్రేక్షకుని వయసునూ లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడే ఇన్నేళ్ల నిరీక్షణకు అర్థం చేకూరుతుంది.