బండి మీది ముక్క, పెరటి చెట్టు

మన వీధులలో వేసవి ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కతో మొదలవుతుంది. కోదండరామాలయానికి పేరుపొందిన బుచ్చిరెడ్డిపాలెంలోనూ శ్రీరామనవమి నాటికి పచ్చికాయ చేతికి వస్తుంది. ఆ ముక్క వెనుక పెద్ద చరిత్రే ఉన్నది.

బుచ్చిరెడ్డిపాలెం వరినేల. 19వ శతాబ్దంలో పెన్నపై నెల్లూరు, సంగం ఆనకట్టలు వెలిసిన తరువాత, కనిగిరి జలాశయం కింది భూములు మాగాణిగా స్థిరపడ్డాయి. నీరు నిలిచే నేల మామిడికి గిట్టదు. కనుక ఇటువంటి ఊళ్ళలో దానికి మిగిలినవి పెరళ్ళు, కాలువగట్లు, మెరకలు. అక్కడ టెంకనుంచి మొలిచినదే చెట్టు. మన రకాలలో చాలావాటికి టెంకమొక్క తల్లిని పోలదు. పులుపు, పీచు, వాసన చెట్టుచెట్టుకూ వేరు. అంటే ప్రతి నాటుచెట్టూ ఒక ప్రత్యేక రకమే. అది కూలితే ఆ రకమే అంతరిస్తుంది.

ఈ అనిశ్చయాన్ని తొలగించినది అంటు. 16వ శతాబ్దంలో గోవాలో పోర్చుగీసువారు అంటుకట్టి మేలురకాలను నిలిపారు. ఆల్ఫోన్సో ఆ సంప్రదాయపు ఫలమే. మన వైపు నవాబుల, జమీందారుల తోటలు ఆ పని చేశాయి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బనగానపల్లె మామిడి పేరే అందుకు సాక్ష్యం. 1950లో నాయక్, గంగొల్లి దక్షిణభారత మామిడి రకాలను వర్గీకరించి గ్రంథం వెలువరించారు. పేరున్న రకాలు అందులోకి ఎక్కాయి. పేరులేని పెరటిచెట్లు ఏ గ్రంథానికీ అందలేదు.

వీధిబండికి కావలసినది అంటు ఇచ్చే నిలకడే. తోతాపురి అని, బెంగుళూర అని కూడా పిలిచే కలెక్టరుకాయ గట్టిగా ఉంటుంది, పులుపు మితం, ముక్క పొడవుగా తెగుతుంది. ఏ ఊరి బండి మీద తిన్నా దాదాపు అదే రుచి. అయితే ఒకే రకాన్ని నమ్ముకోవడంలో ప్రమాదమూ ఉన్నది. 2025లో చిత్తూరు జిల్లా రైతులకు ఆ తోతాపురికే గిట్టుబాటు ధర కరువైంది. కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో 8 గుజ్జు కర్మాగారాలు చెల్లించాలని, 4 తాను భరిస్తానని ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది.

నాటుకాయకు నిలకడ లేకపోవచ్చు. కానీ నెల్లూరు చేపల పులుసులో పడే ముక్కకు తీపి కాదు, పులుపే ప్రాణం. ఆ పులుపు ఎరిగిన పెరటిచెట్టు ఇంటి విస్తరణలోనో, రోడ్డు వెడల్పులోనో కూలిపోతే, టెంక నాటినంత మాత్రాన తిరిగి రాదు. దానిని నిలిపే దారి ఒక్కటే: చెట్టు బతికి ఉండగానే దాని కొమ్మనుంచి ఒక పుల్ల తీసి అంటు కట్టించడం. నాటుచెట్లను పక్కకు నెట్టిన విద్యే వాటిని కాపాడగలదు. మీ ఊళ్ళో అటువంటి చెట్టు మిగిలి ఉంటే, ఈ ఏడే ఆ పని చేయండి. దానికొక పేరు కూడా పెట్టండి.